తొండ తలూపింది

ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు. అనసూయక్క ఎవరో నాకు తెలీదని చెప్పాను.

ఫ్యాక్టరీ మురుగు మా కాలవలో కలుస్తోందని అక్క అర్జీ పెట్టిన వారం, ఇద్దరు ఫోన్ల చిట్టా పట్టుకుని మా ఇంటికొచ్చి "మంగళవారం ఆవిడతో పదకొండు నిమిషాలు మాట్లాడావు" అన్నారు. మేం మాట్లాడుకున్నది బూజుపట్టిన గోంగూర పచ్చడి గురించి. భయానికి "రాంగ్ నంబరండీ" అనేశాను. పదకొండు నిమిషాల రాంగ్ నంబరు! అప్పట్నించి అక్కకి ఫోన్ చెయ్యలేదు. సంజాయిషీ రాదు నాకు, కథైతే వచ్చు.

ఏటి ఒడ్డున ఒక అడవి. పులి ముసలిదై మూలపడితే పెత్తనం నక్క చేతికొచ్చింది. ఓ ఉదయం జంతువులు లేచేసరికి దారులన్నిటి మీదా మెత్తటి ఇసక పరిచి ఉంది. ఎవరు పరిచారో ఎవరూ చూడలేదు.

"దొంగల భయం" అంది నక్క. "మీ మాటలు మేం వినం. ఎవరి అడుగులు ఎవరి గుమ్మం దాకా వెళ్ళాయి, ఎప్పుడు తిరిగొచ్చాయి, అంతే. తొండ వాటిని మట్టిపలకల మీద అచ్చు తీసి నా గుహలో పెడుతుంది."

అడవికంతటికీ మంత్రసాని ఏదుపంది. అది ముళ్ళు లేపింది. "మా అడుగులు నీకెందుకురా?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం అత్తా?"

అన్నీ నవ్వాయి. అన్నిటికంటే గట్టిగా కుందేలు నవ్వింది. "నాకేం దాపరికం? ఇసక కాళ్ళకి హాయిగా ఉంది."

అడవిదున్న మాత్రం నిదానంగా అడిగింది. "తర్వాత ఆ పలకలు పగలగొట్టేస్తారా?"

తొండ తలూపింది. హమ్మయ్య అనుకుని అన్నీ ఇళ్ళకి పోయాయి. తొండ దేనికైనా తలూపుతుందని ఒక్కదానికీ తట్టలేదు.

ఏడాది గడిచింది. ఏటికి వెళ్తున్న కుందేలుకి నక్క ఎదురొచ్చింది.

"ఏమ్మా, అమావాస్యకేనా పురుడు?"

కుందేలు కాళ్ళు ఇసకలో దిగబడిపోయాయి. ఆ సంగతి అది మొగుడికి కూడా చెప్పలేదు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదే! మూడుసార్లు మంత్రసాని గుమ్మం తొక్కావు. రోజురోజుకీ నీ అడుగు లోతుగా దిగుతోంది. నిన్న నల్లరాతి కింది బొరియ చూసొచ్చావు. ఇంక మాటలెందుకు?" నక్క మూతి నాక్కుంది. "మీ అమ్మ కూడా పోయేముందు ఆ బొరియకే వెళ్ళింది. పలక ఉంది, చూస్తావా?"

కుందేలు పరిగెత్తి ఏదుపంది ఇంట్లో పడింది. "అత్తా, వాడు నా పిల్లల్ని తినేస్తాడు. ఆ రోజు నవ్వింది కూడా నేనే."

"ఏడుపాపు. మీ అమ్మమ్మల నాటి నడక మర్చిపోయావా? వెళ్ళిన అడుగులోనే అడుగేస్తూ వెనక్కొచ్చి, పక్కకి ఒక్క గెంతు."

"గెంతినా ఇసకలోనే కదా పడతాను?"

"నా వీపు మీద పడు" అంది దున్న గుమ్మంలోంచి.

"నా వీపు మీద మాత్రం పడకు తల్లీ" అంది ఏదుపంది.

అమావాస్య ముందురోజు కుందేలు అడుగులు కొండచరియ గుహ దాకా వెళ్ళాయి. తిరిగొచ్చిన గుర్తు లేదు. తొండ అచ్చు తీసి నక్కకి చూపించింది. ఆ గుహలో ఉండేది ఎలుగుబంటి. రాళ్ళ మీదుగానే తిరుగుతుంది కాబట్టి దాని అడుగు ఒక్క పలక మీదా లేదు. పలక మీద లేనిది నక్క దృష్టిలో లోకంలోనే లేదు. లొట్టలేసుకుంటూ లోపలికి దూరింది. బయటికొచ్చేసరికి తోకా, ఒక చెవీ లేవు.

"అడుగులు అబద్ధమాడవంటే తలూపావే!" అని తొండ మీద గోలపెట్టింది.

తొండ తలూపింది.

దుబ్బుగడ్డిలో నాలుగు కూనలు క్షేమంగా పుట్టాయి. కానీ తెల్లారేసరికి ఇసక మళ్ళీ నున్నగా ఉంది. నక్క గుహలో పలకలు గట్టిపడుతూనే ఉన్నాయి. కుందేలు వాళ్ళమ్మ చచ్చిపోయినా, వాటి మీద ఇంకా బొరియ వైపు నడుస్తూనే ఉంది. అడవిలో ఎవరూ ఎవరింటికీ పోవడం లేదు. కూనల్ని చూపించడానికి కూడా కుందేలు పదిరోజులు ఏదుపంది గడప తొక్కలేదు.

పదకొండోనాడు కూనల్ని వెంటేసుకుని, ఇసక నడిమధ్యనుంచి, ఒక్క అడుగూ చెరపకుండా వెళ్ళింది.

నీ అడుగులు పోగేసినవాడికి నీ మాటలు వినే పనే లేదు.

అక్క నంబరు నాకింకా నోటికొచ్చు. చేస్తాను, ఇప్పుడే. ఎన్ని నిమిషాలో రాసుకునేవాళ్ళు రాసుకోనీ. తెలీదన్నానని ముందు అక్కకి చెప్పాలి, దానికి పదకొండు నిమిషాలు చాలవు.