పరుగు రాని అలుగుపిల్ల

అనగనగా కొండల నడుమ ఒక అడవి ఉండేదట, ఆ అడవిలో ఒక కాలేజీ కూడా ఉండేదట. నవ్వకండి పిల్లలూ, జంతువులకి మాత్రం చదువు అక్కర్లేదా?

ఆ కాలేజీలో తిండీ బసా ఇచ్చి ఊరికే చదువు చెప్పే సీటు ఏటా ఒక్కటే. పోయినేడు అది బాగా పరుగెత్తే లేడిపిల్లకి దక్కింది. అంతే, ఈ ఏడు అడవి పిల్లలందరూ కుందేలు మాస్టారి పరుగు కోచింగ్‌లో చేరిపోయారు.

వాళ్ళలో ముత్తి అనే అలుగుపిల్ల కూడా ఉంది. ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులు, పొట్టి కాళ్ళు. దానికి పరుగెక్కడిది? కానీ పాపం, తండ్రి లేడు. తల్లి ఒక్కతే చెదపురుగులు ఏరి తెచ్చి సాకుతోంది. ఆ సీటు రాకపోతే ముత్తికి ఇక చదువు లేనట్టే.

ముత్తికి ఒక విద్య వచ్చు. చెట్టు మొదట్లో వాసన చూసి, లోపల చెద ఎంతదాకా తినేసిందో చెప్పేస్తుంది. సీటు దరఖాస్తులో "నీకు వచ్చిన విద్య" అన్నచోట అది రాయనా అని అడిగితే కుందేలు మాస్టారు కసురుకున్నాడు.

"అదీ ఒక విద్యేనా? పదిమందీ రాసిందే నువ్వూ రాయి."

ముత్తి సిగ్గుపడి "పరుగు" అని రాసింది.

పరీక్షనాడు మూడు పందేలు పెట్టారు. మొదటిదానిలో ముత్తి ఆఖరు. రెండోదానిలోనూ ఆఖరే. మూడోదానిలో సగం దూరానికే ఆయాసంతో కూలబడింది. పందేలయ్యాక ప్రిన్సిపాల్ ఏనుగుగారు పిల్లలందర్నీ పెద్ద మద్దిచెట్టు కింద కూర్చోబెట్టారు. ముత్తి కూడా కాళ్ళీడ్చుకుంటూ అక్కడికి వచ్చింది. వస్తూనే దాని ముక్కుకి చెద వాసన గుప్పుమంది. చెప్తే అందరూ నవ్వుతారు. చెప్పకపోతే? ముత్తి ఏనుగుగారి ముందుకి వెళ్ళి నిలబడింది.

"అయ్యా, అందర్నీ ఇక్కణ్ణుంచి లేపండి. ఈ చెట్టు లోపలంతా డొల్ల" అంది.

పిల్లలు నిజంగానే నవ్వారు. ఏనుగుగారు మాత్రం వాళ్ళని దూరంగా పంపి, చెట్టుని నుదుటితో కాస్త నెట్టారు. అంత చెట్టూ పెళపెళమని ఒరిగిపోయింది. లోపల చెదమట్టి తప్ప ఏమీ లేదు.

అక్కడికక్కడే సీటు ముత్తిదన్నారు ఏనుగుగారు. పరుగులో ఆఖరు వచ్చినదానికి సీటేమిటని కుందేలు మాస్టారు గొణిగాడు. ఏనుగుగారు ఆ మాట పట్టించుకోకుండా ముత్తిని దగ్గరికి పిలిచారు.

"తల్లీ, పరుగని నలభైమంది రాశారు. వాళ్ళలో ఎవరు ఎక్కువో తేల్చడానికి నాకు మూడు పందేలు పట్టాయి. నీ విద్యలో నీకు పోటీయే లేదు. మరి దాన్ని ఎందుకు దాచావమ్మా?"

ముత్తి తల దించుకుని ఏడ్చేసింది, సీటు వచ్చిన సంతోషంతోనూ, ఇన్నాళ్ళూ సిగ్గుపడినందుకూ.

నీతి: పదిమందికీ వచ్చినది నీకు రాలేదని కుంగిపోకు, నీకు మాత్రమే వచ్చినదాన్ని ధైర్యంగా ముందు చెప్పు.