కారుకి ఇంటి సోకులు

దొండపాలెంలో తెలివి ఎక్కడుందని అడిగితే వీర్రాజు, సూరన్న, చిట్టబ్బాయి ముగ్గురన్నదమ్ములూ ఒకేసారి తమ నెత్తి చూపిస్తారు. "మా ఇంట్లో తెలివే నిండిపోయింది నాయనా, ఇంక దేనికీ చోటు లేదు" అంటుంది వాళ్ళమ్మ నూకాలమ్మ. గర్వంగానే అంటుంది సుమండీ!

వాళ్ళకో పాత కారుంది. పెద్దాడు వీర్రాజుకి పక్కవీధి రత్నాలంటే ప్రాణం. ఆ పిల్ల ఓసారి కారెక్కితే, సీట్లోంచి పొడుచుకొచ్చిన స్ప్రింగు ఆమె పట్టుచీరని పర్రున చింపేసింది. "ముందు కారు లోపల బాగుచేసుకోండి, తర్వాతే పెళ్ళి మాట" అనేసింది రత్నాలు. పాపం, వీర్రాజుకి అన్నం సయించలేదు.

మెకానిక్ మస్తాను దగ్గరికి పరిగెత్తారు.

"కొత్త సరుకెందుకు, దండగ! ఇంట్లో ఉన్నవాటితోనే సర్దుకోండి. లోపల కూర్చుంటే ఇంట్లో కూర్చున్నట్టుండాలి" అన్నాడతను.

ఇంకేముంది! స్ప్రింగు మీద బొంత వేశారు. బొంతని పొడిచి బయటికొచ్చింది. ఇంకో బొంత వేశారు. ఇంట్లో బొంతలన్నీ వేశాక చూస్తే కూర్చోవడానికి చోటే లేదు.

"ఇంట్లో మనం సీట్ల మీద కూర్చుంటామేంట్రా?" అంది నూకాలమ్మ.

అంతే! సీట్లు పీకి పారేసి పీటలు వేశారు. కింద పేడతో అలికి ముగ్గు పెట్టారు. దండెం కట్టారు, ఉట్టి వేలాడదీశారు. కుంచం, చేట, రోలు, దేవుడి పటాలు అన్నీ కారెక్కాయి.

సరదాగా సంతకి బయల్దేరారు. ఇంట్లోకి చెప్పులతో వెళ్ళరు గదా! ముగ్గురూ వీధిలో చెప్పులు విడిచి కారెక్కారు. సంతలో దిగి చూస్తే చెప్పుల్లేవు. "దొంగలు, దొంగలు!" అని కాలే కాళ్ళతో సంతంతా గోలచేసి, కారెక్కి ఇంటికొచ్చారు. వీధిలో చెప్పులు అలాగే ఉన్నాయి.

"చూశావా అమ్మా, మన అరుపులకి జడిసి తెచ్చిపెట్టేశారు!" అన్నాడు చిట్టబ్బాయి.

మర్నాడు రత్నాలు, వాళ్ళ నాన్న అప్పలస్వామి వచ్చారు. పిల్ల కారులోకి తొంగిచూసి పకపకా నవ్వింది. వీర్రాజు మురిసిపోయాడు. అప్పలస్వామి మాత్రం ఇంట్లోకి చూశాడు. చాప కూడా లేదు.

"కొంపలో ఏమీ లేదేవయ్యా! నా పిల్లని ఎలా ఏలుకుంటావ్? సామానంతా ఇంట్లో కనబడాలి. అప్పుడు మాట్లాడదాం" అని వెళ్ళిపోయాడు.

సామాను కారులో ఉంది. సామాను ఇంట్లో ఉండాలంటే కారు ఇంట్లో ఉండాలి. అంతే! గోడ పగలగొట్టారు, కారు లోపల పెట్టారు, దొంగలు రాకుండా గోడ మళ్ళీ కట్టేశారు. కబురందుకుని అప్పలస్వామి కూతురితో వచ్చాడు. రత్నాలు కారులో పీట మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వి, "బాగానే ఉంది. ఏదీ, మమ్మల్ని మా ఇంటికి చేర్చండి చూద్దాం" అంది.

సూరన్న పలుగందుకున్నాడు.

"ఆగరా! కారు బయటికెళ్తే ఇల్లు మళ్ళీ ఖాళీ అయిపోదూ? మావగారు ఒప్పుకోరు" అన్నాడు వీర్రాజు.

ముగ్గురూ బుర్రలు గోక్కున్నారు. వీర్రాజు మొహం వెలిగింది.

"ఏవండీ, మీరు కదలకండి. మీ ఇల్లే ఇక్కడికి తెచ్చేస్తాం!"

అంతే! పలుగులు, మోకులు పట్టుకుని ముగ్గురూ బయల్దేరారు. అప్పలస్వామి పిల్ల చెయ్యి పట్టుకుని అడ్డదారిన పరిగెత్తి, వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి, తలుపు గడియ వేసి, లోపల్నుంచి వీపు ఆనించి బలంకొద్దీ నెట్టాడు.

బయట అన్నదమ్ములు గోడకి భుజాలు ఆనించారు. వీర్రాజు తలుపు సందులోంచి తొంగిచూశాడు. ఆనందంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఒరే తమ్ముళ్ళూ, సంబంధం కుదిరిపోయిందిరా! లోపల్నుంచి మావగారు కూడా తోస్తున్నారు!"