ఎలుగుబంటినిచ్చి నీటికుక్కల్ని తెచ్చుకున్న నక్క

నల్లగుట్టకూ ఇసుకవాగుకూ మధ్య ఉన్న అడవిలో ఆ ఏడు ఎవరి నోట విన్నా ఒకటే ముచ్చట. గుట్ట జట్టు పెద్ద, నక్క గవరయ్య, తన ఎలుగుబంటిని వాగు జట్టుకిచ్చేసి బదులుగా రెండు నీటికుక్కల్ని తెచ్చుకున్నాడట. ఎందుకు తెచ్చుకున్నాడో ఒక్కరికీ అంతుబట్టలేదు. గవరయ్య ఎవరికైనా రేగుపండు పెట్టాల్సి వస్తే గింజ వెనక్కి అడిగే రకం. అలాంటివాడు అడవంతా పేరు మోసిన ఎలుగును వదులుకుని, మడుగులో చేపలు పట్టుకుని బతికే రెండు పొట్టి ప్రాణుల్ని తెచ్చుకోవడమేమిటి?

ఇదంతా కోలబంతి ఆట కోసం. ఆ ఆటను సముద్రాల అవతలి ఆస్ట్రేలియా నుంచి ఒక వలస ఉల్లంకి పిట్ట తెచ్చిందని చెప్పుకుంటారు. నిజమో కాదో ఆ పిట్టకే తెలియాలి. వానలు వెనకబట్టి మడుగు ఎండిపోతే అడుగున కోలగా ఒక మైదానం తేలుతుంది. అటు చివర నాలుగు గుంజలు, ఇటు చివర నాలుగు గుంజలు. బంతి కూడా కోలగానే ఉంటుంది. కాలితో తన్నవచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించవచ్చు. నడిమి గుంజల మధ్య నుంచి తంతే అసలు పంట, పక్క సందుల్లోంచి పోతే చిన్న లెక్క, పరిగె. వీటన్నిటికన్నా అందరూ నోళ్ళు తెరుచుకుని చూసేది ఇంకొకటుంది. బంతి గాలిలో ఉండగానే ఎదుటివాడి వీపు మీద కాలు మోపి, పైకెగిరి అందుకోవడం. ఆ ఆటలో అది తప్పు కాదు, గొప్ప.

ఆట మొదలయ్యే ముందు కొన్ని రోజులు మార్పిడి. గుట్ట, వాగు, తోపు అని మూడు జట్లు. ఏ జట్టైనా తన ఆటగాణ్ణి ఇచ్చి ఎదుటి జట్టువాణ్ణి తెచ్చుకోవచ్చు. మార్పిడి ముగిశాక ముసలి కొండమేక చౌడమ్మ మైదానం నడుమ ఉన్న బండ ఎక్కి, ఎవరు బాగుపడ్డారో ఎవరు మునిగారో చెబుతుంది. మునిగారని ఆమె చెప్పిన జట్టుకు ఒక ఊరట ఉంది. ఆ ఏడు ఆటకు కొత్తగా వచ్చిన పిల్లల్లోంచి ముందుగా ఒకరిని ఎంచుకునే వంతు వాళ్ళది. బాగుపడ్డవాళ్ళు అందరికన్నా చివర ఎంచుకోవాలి. బండ మీద చెప్పిన మాట మళ్ళీ మారదు. ఆ కట్టుబాటు పెట్టిందీ చౌడమ్మే.

చౌడమ్మ మాటంటే అడవికి గురి. ఎవరో చెప్పింది విని తీర్పిచ్చే రకం కాదు. చేతులు మారిన ప్రతి ఆటగాణ్ణీ తన కళ్ళ ముందు పరుగెత్తించి, గిట్టలో గోళ్ళో ఎత్తి చూసి, ఊపిరి విని మరీ చెప్పేది. గడ్డం తెల్లబడినా నడుం వంగనివ్వలేదు. ఎదురుగా వచ్చినవాళ్ళు దారివ్వకపోతే అక్కడే నిలబడి, వాళ్ళకు సిగ్గేసిందాకా చూస్తుంది.

గవరయ్య మీద ఆమెకు ఉన్న కోపం కూడా అడవికంతటికీ తెలుసు. వయసులో ఉన్నప్పుడు చౌడమ్మ గుట్ట జట్టులోనే ఆడేది. ఆమెలా ఎగిరి బంతి అందుకునేవాళ్ళు అప్పట్లో లేరు. అలాంటి ఆమెను గవరయ్య ఒక మార్పిడిలో ఏదుపందికి బదులుగా ఇచ్చేశాడు. ఆ సంగతి ఆమెకు చెప్పను కూడా లేదు. పొద్దున్నే ఆటకు బయల్దేరితే దారిలో కాకి చెప్పింది. వెళ్ళి అడిగితే, నీ మోకాళ్ళు అయిపోయాయిలే అక్కా అన్నాడు. వాగు జట్టు పెద్ద, ఊరొదిలి అడవి చేరిన ఎద్దు పోలయ్య ఆమెను తన జట్టులోకి తీసుకున్నాడు. అయిపోయాయన్న ఆ మోకాళ్ళతోనే ఆమె ఇంకెన్నో ఏళ్ళు ఆడింది. అయినా కడుపులో మంట చల్లారలేదు. గవరయ్య మునిగాడు అని నలుగురిలో బండ మీంచి చెప్పాలని ఆమె కోరిక. చిక్కేమిటంటే గవరయ్య ఏ ఏడూ మునగడు. ఏటా వాడు బాగుపడ్డాడనే చెప్పాల్సి వచ్చేది. నిజం అదే గనక, పళ్ళు బిగబట్టి చెప్పేది.

ఈ ఏడు ఇంకో విషయం కలిసింది. చౌడమ్మ మనవరాలు పొన్ని ఆటకు వచ్చింది. వాగు ఇసుకలో పోలయ్య వీపే నిచ్చెనగా చేసుకుని ఎగరడం నేర్చిన పిల్ల అది. పోలయ్య కదలకుండా నిలబడేవాడు, అది ఎక్కి దూకేది. పొన్ని వాగు జట్టుకే ఆడాలని చౌడమ్మ మనసు. అవ్వ ఆడిన జట్టులో, అవ్వను ఆదరించిన ఎద్దు దగ్గర. ఆ మాట మాత్రం పైకి అనదు. తీర్పు చెప్పే నోటితో సిఫారసు చేయడం ఆమెకు నామోషీ.

మార్పిడి ముగిసిన రోజు చౌడమ్మ ముందుగా ఎలుగును చూడబోయింది. మైదానం చుట్టూ పరుగెత్తమంది. ఎలుగు సగం దూరం బాగానే పోయి, ఇప్పచెట్టు కనబడగానే దాని కింద కూలబడ్డాడు. నేనెట్లా ఆడేవాణ్ణో ఎవర్నైనా అడుగమ్మా అని రొప్పుతూ అన్నాడు.

"ఆడేవాడివన్న సంగతి నాకు తెలుసులే," అంది చౌడమ్మ. "నేనూ ఆడేదాన్నే. ఇప్పుడు లేచి ఆ మిగతా సగం పరుగెత్తు."

ఎలుగు లేవలేదు. ఇప్పపూలు ఏరుకుంటూ ఉండిపోయాడు.

తరువాత నీటికుక్కల దగ్గరికి వెళ్ళింది. వాటిముందు బంతిని కొమ్ముతో అడ్డదిడ్డంగా నెట్టింది. కోలబంతి నేలకు తగిలిందంటే ఎటు లేస్తుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ రెండింటికి మాత్రం ముందే చెప్పి లేస్తున్నట్టుంది. ఒకటి పొట్ట మీద జారుకుంటూ పోయి అందుకుంటే, రెండోది తల తిప్పకుండానే దాని దగ్గర్నుంచి తీసుకుంటోంది. చౌడమ్మ అలిసిపోయింది గానీ అవి అలిసిపోలేదు.

అప్పుడు పోలయ్యను అడిగింది, ఎలుగును తీసుకునే ముందు ఒకసారి పరుగెత్తించి చూశావా అని. పోలయ్య కాసేపు నెమరేసి, నేలకేసి చూస్తూ అన్నాడు.

"అంత పేరున్నవాణ్ణి పట్టుకుని, ఏదీ పరుగెత్తు చూద్దాం అంటే ఏం బాగుంటుందక్కా?"

ఆమెకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఇంక తేలవలసింది ఏమీ లేదు. మునిగింది పోలయ్య, బాగుపడింది గవరయ్య. తోపు జట్టు పెద్ద కొండముచ్చు తిమ్మన్న ఒక ముంగిసనిచ్చి ఒక ఉడుతను తెచ్చుకున్నాడు. అతనికి లాభమూ లేదు, నష్టమూ లేదు. రేపు ఉన్నదున్నట్టు చెబితే మొదటి వంతు పోలయ్యది, పొన్ని వాగుకు వస్తుంది. అంతా నిజంతోనే సరిపోతోంది, ఎవరికీ మాట ఇవ్వక్కర్లేదు, ఎవరి దగ్గరా మాట పడక్కర్లేదు. ఇంటిదారి పట్టింది.

దారి గవరయ్య బొరియ ముందు నుంచే. వాడు చెవులు వాల్చుకుని, తోక కాళ్ళ కింద వేసుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో వాణ్ణి అలా చూడలేదు చౌడమ్మ. దాటిపోదామనుకుంది. కాళ్ళు ఆగాయి.

"ఏం గవరయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"ఒంట్లో బాగానే ఉందక్కా. ఆ ఎద్దు నన్ను ముంచాడు," అన్నాడు వాడు నేలచూపులు చూస్తూ. "నోట్లో మాట లేనివాడు గదా అని తేలిగ్గా తీసుకున్నా. నీటికుక్కలు నీళ్ళలో గొప్పవట. ఎండిన మడుగులో వాటితో నేనేం చేసుకోను?"

చౌడమ్మ ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది. లోపల ఎక్కడో చిన్న వేడి మొదలైంది.

"నీకు దణ్ణం పెడతా," అన్నాడు గవరయ్య. "రేపు ఇంకేమైనా చెప్పు, పడతా. గవరయ్య ఎద్దు చేతిలో మోసపోయాడని మాత్రం నలుగురిలో అనకు. అడవిలో తలెత్తుకోలేను."

"అయితే ఆ మొదటి వంతు వద్దా నీకు?"

"ఏం చేసుకోను దాన్ని? ఎలుగు పోయిన చోట గోడలా నిలబడేవాడు కావాలి నాకు. ఆ పందిపిల్ల బొండడు తప్ప ఇంకెవరూ పనికిరారు. వాణ్ణయితే చివరి వంతులోనైనా తెచ్చుకోవచ్చు, ఎవరడుగుతారు వాణ్ణి? మొదటి వంతు కోసం పరువు పోగొట్టుకోమంటావా అక్కా?"

చౌడమ్మ ఇంటివైపు నడిచింది. నడుస్తూ ఆలోచించింది. ఎలుగు గుట్ట మీంచి అంత దూరం వచ్చినవాడు, నడకకు అలిసి ఉంటాడు. నీటికుక్కల చురుకు తడి ఉన్నప్పటి చురుకు, ఎండలు ముదిరితే ఏమవుతుందో. తాను చూసినది ఒక్క పూట, గవరయ్య వాటిని తెచ్చుకుని ఇన్నాళ్ళు చూశాడు. మునిగినవాడే మునిగానని ఒప్పుకుంటుంటే కాదని వాదించడానికి తానెవరు? ఇలా ఒక్కో అడుక్కీ ఒక్కో మాట తోడవుతూ వచ్చి, ఇల్లు చేరేసరికి తన కళ్ళతో చూసిందంతా ఎవరో చెప్పగా విన్నదానిలా అయిపోయింది. గవరయ్య తీసుకునేది పందిపిల్లను. రెండో వంతు పోలయ్యకు ఇస్తే పొన్ని ఎటూ వాగుకే వస్తుంది. దాంతోపాటు ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఆ ఘడియ కూడా వస్తుంది. వద్దని చేతులు జోడించాడు కదా. ఆనాడు కాకి నోట వినాల్సి వచ్చినప్పుడు తనకెంత తల కొట్టేసినట్టయిందో వాడికీ తెలియాలి.

మర్నాడు పొద్దున్నే అడవి అడవంతా మైదానానికి వచ్చింది. చెట్ల మీద చోటు చాలక పిట్టలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. గవరయ్య ఎందుకలా చేశాడో ఈపూట తేలుతుందని అందరి ఆత్రం. పోలయ్య నెమరు ఆపి నిలబడ్డాడు. ఎలుగు కనబడలేదు, ఇప్పచెట్టు కిందే ఉన్నాడేమో. చౌడమ్మ బండ ఎక్కింది. ఏటా అయితే ఒక్కొక్కరి ఆట, కాళ్ళ తీరు, ఊపిరి అన్నీ విడమరిచి చెప్పేది. ఈసారి అవేవీ ఎత్తలేదు.

"ఈ ఏటి మార్పిడిలో అందరికన్నా మునిగింది గుట్ట జట్టు," అంది. "తనంత తెలివైనవాడు లేడనుకునే గవరయ్య ఈ ఏడు ఎద్దు చేతిలో మోసపోయాడు."

అడవి గొల్లున నవ్వింది. గవరయ్య తల ఇంకా కిందికి దించాడు. ఆ నవ్వు చెవినపడుతుంటే చౌడమ్మకు మోకాళ్ళ నొప్పులు తీసేసినట్టయింది. ఆ ఊపులోనే నడిమి స్థానం వాగుదనీ, అందరికన్నా బాగుపడింది తోపు జట్టనీ చెప్పేసింది. తిమ్మన్న బుర్ర గోక్కుని పక్కవాడి వైపు తిరిగాడు.

"ఉడుతను తెచ్చుకున్నందుకేనా మనం గెలిచింది?"

పోలయ్య మాత్రం ముందుకు వచ్చి బండ పక్కన నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. నువ్వు ఎలుగును పరుగెత్తించి చూశావు కదక్కా, అని మాత్రం అడిగాడు. చౌడమ్మ చూపు తిప్పుకుని, ఇక ఎంపిక మొదలుపెట్టండి అంది.

కొత్తపిల్లలు వరసగా నిలబడ్డారు. బొండడు ఒక చివర నేల కుళ్ళగిస్తున్నాడు. పొన్ని ఇంకో చివర ఉంది. మొదటి వంతు కోసం గవరయ్య లేచాడు. లేవడంతోటే చెవులు నిక్కాయి, తోక నిటారుగా లేచింది. బొండడి ముందు నుంచి పోతూ వాడికేసి చూడనైనా లేదు. నేరుగా పోయి పొన్ని ముందు ఆగాడు.

"ఈ పిల్ల," అన్నాడు.

మైదానంలో నవ్వు ఆగిపోయింది. చౌడమ్మ బండ అంచుదాకా వచ్చింది. నీకు పందిపిల్ల కావాలన్నావుగా అని అడగాలంటే, నిన్న బొరియ దగ్గర ఆగానని చెప్పాలి. ఎద్దు మునిగాడని తనకు తెలుసని చెప్పాలి. తన తీర్పు తానే కాదనాలి. చౌడమ్మ బండ మీదే ఉండిపోయింది.

గవరయ్యే బండ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, ఎప్పటి మర్యాదతోనే అన్నాడు.

"ఎలుగుకు కాళ్ళు అయిపోయాయని రెండేళ్ళుగా నాకు తెలుసక్కా. ఆ నీటికుక్కల కోసం రెండేళ్ళు కాచుకున్నా. నాకున్నది ఒకటే బెంగ, నువ్వెక్కడ నిజం చెప్పేస్తావోనని."

పొన్ని ఒకసారి పోలయ్యను చూసింది, ఒకసారి అవ్వను చూసింది. అవ్వ కళ్ళు కలపలేదు. పిల్ల తల ఊపి గుట్ట జట్టు వైపు నడిచింది. వాళ్ళ మధ్య నిలబడేసరికి నీటికుక్కల్లో ఒకటి బంతిని పైకి విసిరింది. పొన్ని రెండోదాని వీపు మీద గిట్ట మోపి లేచి, అందరికన్నా ఎత్తున ఆ బంతిని పట్టుకుంది. అలాంటి ఎగురు చూసి ఎన్నేళ్ళయిందో, అడవి అంతా ఈలలు వేసింది. బండ మీద చౌడమ్మ ఒక్కతే చూడలేదు. పోలయ్య తన వంతులో ఎవరూ అడగని బొండణ్ణి ఎంచుకుని, మెల్లగా మూతితో తడుముకుంటూ వాగు వైపు తోలుకుపోయాడు.

పగ మనసులో పెట్టుకుని తీర్పు చెప్పేవారి నోట్లోంచి వచ్చేది పగవాడికి కావలసిన మాటే.