అలల అద్దం

"నా అద్దం చూస్తుండగా ఒక్క పడవా మునగదు," అని మంత్రి రేవులో మాట ఇచ్చాడు. కొండమీది ఆ అద్దం మబ్బుల్లోంచి కూడా సముద్రాన్ని చూసి అలల ఎత్తు చెప్పేది. అది "జానెడే" అన్న రోజున జాలర్లు చేపల వేటకు వెళ్లి తీరాలని మంత్రి ఆజ్ఞ. అలా వెళ్లిన పోలయ్య తిరిగి రాలేదు.

అతని చెల్లెలు నూకాలు కొండెక్కింది.

"అయ్యా, అద్దం పొరబడుతుందా?"

"ఎన్నడూ లేదు. కొబ్బరిచిప్ప తేలినా కనబడుతుంది."

"అయితే మా అన్న పడవ చూపించండి."

బయట అలల హోరుకు కొండ వణుకుతోంది. అద్దంలో మాత్రం సముద్రం చచ్చిన చేప కన్నులా తెల్లగా, కదలకుండా ఉంది. పడవ లేదు. మంత్రి పైగుడ్డతో అద్దం తుడిచి మళ్లీ చూశాడు.

"పడవ మునిగిందంటే ఆనాటి అల జానెడు కాదు. మునగలేదంటే మా అన్నను తెచ్చివ్వండి. సముద్రం మీదీ, చావు మాదీనా? మీరు జవాబు చెప్పేదాకా రేవులో ఒక్క పడవా కదలదు. కార్తీక పౌర్ణమిలోగా చెప్పండి."