రంగు మరిచిపోయిన దర్వాజా

గోగులపాడులో తెలివి ఎవరింట్లో ఉందని ఎవరైనా అడిగితే పేరిందేవి తమ ఇల్లే చూపించేది. ఎవరూ అడగకపోయినా చూపించేది. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు: పేరిందేవి, ఆమె తమ్ముడు కుటుంబరావు, అతని భార్య నాంచారమ్మ. ముగ్గురికీ అరవై దాటాయి. "వయసుతో పాటు బుద్ధీ పెరుగుతుంది కదా! మా ముగ్గురిదీ కలిపితే దగ్గర దగ్గర రెండు వందల ఏళ్ళ బుద్ధి" అని కుటుంబరావు వీధి అరుగు మీద కూర్చుని చెప్పేవాడు.

అయితే పేరిందేవికి లోలోపల ఒక దిగులు ఉండేది. మతిమరుపు. చారులో ఉప్పు వేసిందో లేదో ఈమధ్య గుర్తుండటం లేదు. గుర్తు లేదు కదా అని మళ్ళీ వేసేది. వేసిన సంగతి గుర్తుండదు కదా, మరోసారి వేసేది. ఒకరోజు ఆ చారు తాగి, "సముద్రం చూడ్డానికి ఇంక కాకినాడ దాకా పోనక్కర్లేదు అక్కయ్యా" అన్నాడు కుటుంబరావు. నాంచారమ్మ మాత్రం నవ్వలేదు.

"వదినగారూ, ఆ పోపుల పెట్టె ఇంక నాకిచ్చేసి మీరు కాస్త కూర్చోండి" అంది.

పేరిందేవి పెట్టెను దగ్గరికి లాక్కుంది. ఆ ఇత్తడి పోపుల పెట్టె వాళ్ళమ్మది. నలభై ఏళ్ళుగా తన చేతిలోనే ఉంది. అది పోతే ఆ ఇంట్లో తనకిక పనేముంది?

"ఇవ్వను. నాకు మతిమరుపు లేదు."

"ఉంది."

"ఏం మరిచిపోయానో ఒక్కటి చెప్పు చూద్దాం!"

"ఉప్పు వేసింది మరిచిపోయారు."

"ఎప్పుడు? నాకేం గుర్తు లేదే!"

కుటుంబరావు తీర్పు చెప్పాడు. "రేపు మనం మొరాకో వెళ్తున్నాం కదా. తిరిగొచ్చేలోగా అక్కయ్య ఒక్కటంటే ఒక్కటి మరిచిపోయినా పెట్టె నాంచారమ్మది. మరిచిపోకపోతే అక్కయ్యదే."

మొరాకో ఎందుకంటారా? మా ఊరివాళ్ళెవరూ చూడని ఊరు చూపించమని కుటుంబరావు యాత్రల కంపెనీకి వెళ్ళి అడిగాడు. వాళ్ళు ఫెజ్ అనే పాత నగరం పేరు చెప్పారు. "బాగుంటుందా?" అని అడగడం అతనికి తోచలేదు. "మా ఊరివాళ్ళెవరూ వెళ్ళలేదు కదా?" అని రెండుసార్లు అడిగి, టిక్కెట్లు కొనేశాడు.

పేరిందేవి పోపుల పెట్టెను గుడ్డలో మూటగట్టి చంకలో పెట్టుకుంది. తను ఇంట్లో లేనప్పుడు ఎవరైనా తీసుకుంటే? ఎవరు తీసుకుంటారు, ముగ్గురం వెళ్తున్నాం కదా అని తమ్ముడు అడిగితే, "అదే మరి. ఇంట్లో కాపలాకి ఎవరూ ఉండరు" అంది.

ఫెజ్‌లో వాళ్ళకు ఊరు చూపించడానికి ఇద్రీస్ అనే ఆయన వచ్చాడు. హిందీ సినిమాలు చూసి హిందీ నేర్చుకున్నాడట. కుటుంబరావు నాగపూర్‌లో రైల్వే గార్డుగా చేసినవాడు. అంతే, ఇద్దరికీ మాట కలిసింది. ఇద్రీస్ చెప్పినదాన్ని కుటుంబరావు తెలుగులో చెప్పడం, పేరిందేవి గుర్తుపెట్టుకోవడం, గుర్తుందో లేదో నాంచారమ్మ కనిపెట్టడం. ఇదీ ఏర్పాటు.

నగరం మొదట్లో పెద్ద దర్వాజా ఉంది. నిండా నీలం రంగు పెంకులు, వాటి మీద లతలూ గీతలూ. "ఈ గోడల మధ్య తొమ్మిది వేల సందులున్నాయంటారు" అన్నాడు ఇద్రీస్. "తప్పిపోతే ఈ నీలం దర్వాజా దగ్గరికొచ్చి నాకు ఫోన్ చేయండి."

పేరిందేవి పైటకొంగుకి ఒక ముడి వేసింది. నీలం దర్వాజా.

"సందుల్లో గాడిదలు బరువులు మోస్తూ వస్తుంటాయి. ముందు వాటిని పోనిచ్చి, తర్వాత మీరు వెళ్ళండి." ఇంకో ముడి.

"ఇక్కడ ఇళ్ళల్లో రొట్టెలు ఒత్తుకుని, పేటలో ఉండే పెద్ద పొయ్యికి పంపుతారు. ఒక్కో ఇంటి రొట్టె మీద ఒక్కో గుర్తు. ఏది ఏ ఇంటిదో పొయ్యి ఆయన ఇట్టే చెప్పేస్తాడు. కాల్చి ఇంటికి పంపేస్తాడు." ఇంకో ముడి.

గంటయ్యేసరికి కొంగంతా ముళ్ళే. ఏ ముడి దేనికో మరిచిపోకుండా ఆవిడ పక్కన ఇంకో ముడి వేసింది.

మొదట తోళ్ళు శుద్ధిచేసి రంగులద్దే చోటికి తీసుకెళ్ళాడు. మేడ మీదినుంచి చూడాలి. కింద వరుసగా గుండ్రటి తొట్లు, ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో ఎరుపు, ఒకదాంట్లో గోధుమరంగు, ఒకదాంట్లో తెల్లటి సున్నం. పేరిందేవి కళ్ళు చెమర్చాయి.

"ఎంత పెద్ద పోపుల పెట్టె! పాపం, ఎంత పెద్ద సంసారమో ఆ ఇల్లాలిది!"

వాసన మాత్రం పోపు వాసన కాదు. ఇద్రీస్ తలా ఒక పుదీనా రెమ్మ ఇచ్చి, "ముక్కు దగ్గర పెట్టుకోండి. నేను చెప్పాక తీయండి" అన్నాడు. పెట్టుకున్నారు. తీయమని చెప్పడం ఇద్రీస్ మరిచిపోయాడు. ఇంకేముంది, రాగి బిందెలు ఠంగుఠంగున కొట్టే వీధిలోనూ పుదీనా, చెక్కడాల మేడల ముందు ఫోటోల్లోనూ పుదీనా. నాంచారమ్మకి తుమ్ము వచ్చినా ఆపుకుంది, చెప్పలేదు కదా అని.

భోజనానికి కుస్‌కుస్ తెచ్చారు. పెద్ద మట్టి పళ్ళెం, గోధుమ నూక, దాని మీద చుట్టూ ఉడికిన కూరముక్కలు. "అందరం ఒకే పళ్ళెంలో తింటాం. అయితే ఎవరి ముందున్నది వాళ్ళే తినాలి, అది మర్యాద" అన్నాడు ఇద్రీస్. కుటుంబరావు ముందు క్యాబేజీ పడింది. అతనికి ఇష్టమైన గుమ్మడికాయ అక్కయ్య ముందుంది.

"అక్కయ్యా, నువ్విటు రా. నేనటు వస్తా."

మారారు. అటు వెళ్ళాక శనగలు నాంచారమ్మ ముందు కనిపించాయి. మళ్ళీ మారారు. ఒక చేత్తో ముక్కు దగ్గర పుదీనా పట్టుకుని, ఇంకో చేత్తో తింటూ, ముగ్గురూ పళ్ళెం చుట్టూ ప్రదక్షిణాలు చేశారు. మర్యాద ఎక్కడా తప్పలేదు. ఇద్రీస్ తల పట్టుకుని, "అమ్మా, ఆ ఆకులు పారేయండి" అన్నాడు. అప్పుడు నాంచారమ్మ తుమ్మింది. నూక ఆరు బల్లల దాకా వెళ్ళింది.

ఆ తర్వాతే అసలు కథ. ఇరుకు సందులో ఎదురుగా గాడిద వచ్చింది. ముగ్గురూ గోడకు అంటుకుపోయారు. గాడిద వెళ్ళింది.

"ముందు గాడిద, తర్వాత మనం" అని పేరిందేవి ముడి తడిమి చెప్పింది. "గాడిద వెళ్ళింది. ఇప్పుడు మనం వెళ్ళాలి."

అంతే, ముగ్గురూ గాడిద వెనకాల బయల్దేరారు. ముందు నడుస్తున్న ఇద్రీస్ అటు, వీళ్ళు ఇటు. కాసేపటికి ఇంకో గాడిద వచ్చింది. దాన్నీ పోనిచ్చి దాని వెనకాల వెళ్ళారు. అలా నాలుగు గాడిదల మర్యాద కాపాడేసరికి, ఎక్కడున్నారో గాడిదలకు తప్ప ఎవరికీ తెలియదు.

కుటుంబరావు జేబులో ఫోన్ మోగింది. ఇద్రీస్!

"ఎత్తండి" అంది నాంచారమ్మ.

"నీలం దర్వాజా దగ్గరికి వెళ్ళాక చేయమన్నాడు. దారిలో ఎత్తమన్నాడా?"

"అనలేదు" అంది పేరిందేవి. "నాకు బాగా గుర్తు."

ఫోన్ మోగి మోగి ఊరుకుంది.

తిరగ్గా తిరగ్గా ఒక పెద్ద పొయ్యి కనిపించింది. ఆడవాళ్ళు చెక్కపలకల మీద రొట్టెలు తెచ్చి ఇస్తున్నారు. లోపల తెల్లగడ్డం ఆయన. పేరిందేవి ముడి పట్టుకుని ఎగిరి గంతేసింది.

"ఏది ఏ ఇంటిదో ఈయన చెప్తాడు! మనం ఏ హోటలువాళ్ళమో కూడా చెప్పేస్తాడు!"

"గుర్తు ఉండాలి కదా వదినగారూ?"

చూస్తే కుటుంబరావు నుదుట నామం, నాంచారమ్మ నుదుట గుండ్రటి బొట్టు, పేరిందేవి నుదుట ఏమీ లేదు. ఇలా వెళ్తే ముగ్గుర్నీ మూడు ఇళ్ళకు పంపేస్తాడు! పేరిందేవి పోపుల పెట్టె తెరిచి, పసుపు తడిపి, ముగ్గురి నుదుటా ఒకేలాంటి మూడు అడ్డగీతలు పెట్టింది. రొట్టెల పలకల పక్కన వరుసలో నిలబడ్డారు. పొయ్యి ఆయన వీళ్ళను చూసి నవ్వి, ఇలా రమ్మని చేయి ఊపి, పొయ్యిలోంచి పొడుగాటి చెక్కపార బయటికి లాగాడు.

నాంచారమ్మకు అప్పుడు వెలిగింది. "వదినగారూ! ఇంటికి పంపేది కాల్చాక కదూ?"

ఇంకేముంది! ముగ్గురూ ఒకటే పరుగు. వెనకాల ఆ ముసలాయన వేడివేడి రొట్టె పట్టుకుని, తినండమ్మా అన్నట్టు కేకలు వేస్తూనే ఉన్నాడు.

పరిగెత్తి పరిగెత్తి ఒక పెద్ద దర్వాజా దగ్గర ఆగారు. నిండా పెంకులు, లతలూ గీతలూ. రంగు మాత్రం ఆకుపచ్చ.

"ఇది కాదు" అంది పేరిందేవి. "మనది నీలం."

వెనక్కి తిరిగారు. అరగంట నడిచాక మళ్ళీ అదే పచ్చ దర్వాజా. మళ్ళీ వెనక్కి. మూడోసారి కూడా అక్కడికే తేలారు. దర్వాజా అవతల ఒకాయన అటు తిరిగి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. కుటుంబరావు జేబులో ఫోన్ మోగుతోంది.

"ఆయన వీపు ఇద్రీస్ వీపులా ఉందండీ" అంది నాంచారమ్మ.

"ఇద్రీస్ ఉండేది నీలం దర్వాజా దగ్గర. ఈయన ఉన్నది పచ్చ దర్వాజా దగ్గర. ఇద్రీస్ ఎలా అవుతాడు? ఆ మాత్రం తెలివి ఉండక్కర్లా?" అన్నాడు కుటుంబరావు.

నాంచారమ్మ తన తెలివితక్కువతనానికి సిగ్గుపడింది. అయినా మెల్లగా అంది. "ఊరంతా తిరిగాం. నీలం దర్వాజా లేదు. ఉన్నది పచ్చదే. పొద్దున చెప్పింది కూడా పచ్చ దర్వాజానేమో. మీరు మరిచిపోయి నీలం అంటున్నారేమో, వదినగారూ."

పేరిందేవి తమ్ముడి వైపు చూసింది. "నువ్వే కదరా తెలుగులో చెప్పావు? ఏమని చెప్పావు?"

"నీకు చెప్పేశాను కదా అక్కయ్యా. చెప్పేశాక నా దగ్గరెందుకు ఉంటుంది?"

పేరిందేవి మొదటి ముడి పట్టుకుని చూసింది. ముడి ఉంది. ముడికి రంగు లేదు. ఎదురుగా ఇంత పెద్ద దర్వాజా తను పచ్చనని చెబుతుంటే, తన బుర్ర ఒక్కటే నీలమంటోంది. ఆవిడ అక్కడే ఓ మెట్టు మీద కూలబడి, పోపుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని మూత తీసింది.

"తీసుకోవే. ఇదుగో, గొళ్ళెం వైపు ఆవాలు. దాని పక్కన జీలకర్ర, తర్వాత మెంతులు. మెంతులు ఎక్కువ వెయ్యకు, తమ్ముడికి చేదు పనికిరాదు. ఇది మినప్పప్పు. మధ్యలో పసుపు, ఇందాక మన మొహాలకు కాస్త తగ్గింది. ఎండుమిర్చి తొడిమలతోనే ఉంచు, అమ్మ అలాగే ఉంచేది. ఇంగువ చిన్న డబ్బీలో ఉంది, చారులోకి చిటికెడు. నీకు తుమ్ములొస్తాయి, కాస్త దూరంగా పెట్టి తీయి."

నాంచారమ్మ పెట్టె అందుకుని బిక్కమొహం వేసింది. "ఇన్ని సంగతులు నాకెక్కడ గుర్తుంటాయండీ?" అంది.

అప్పుడే అవతలాయన ఇటు తిరిగాడు. ఇద్రీసే! పరిగెత్తుకొచ్చి, ముగ్గుర్నీ చేతులు పట్టుకుని దర్వాజా దాటించి, భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పాడు.

దర్వాజా నీలంగా ఉంది.

"బయటివైపు నీలం, లోపలివైపు పచ్చ!" అన్నాడు రొప్పుతూ. "అదీ దీని గొప్పతనం!"

పేరిందేవి ఒకసారి లోపలికి వెళ్ళి చూసింది. పచ్చ. బయటికొచ్చి చూసింది. నీలం. నలుగురు చూస్తుండగా ఏడుసార్లు తిరిగి, ఆఖరికి దర్వాజా పెంకుల మీద చేయి వేసి నిమిరింది.

"మతిమరుపు నాకు కాదురా తమ్ముడూ. దీనికి! ఇటునుంచి అటు వెళ్ళేసరికి తన రంగు తనే మరిచిపోతోంది. పాపం, ఎన్నేళ్ళదో. వయసు మీద పడింది."

నాంచారమ్మ పెట్టె తెచ్చి ఆవిడ చంకలో పెట్టింది.

గోగులపాడు తిరిగొచ్చాక ముగ్గురూ కూర్చుని బాగా ఆలోచించారు. ఆ దర్వాజాలో ఒక కిటుకు ఉందని కుటుంబరావు కనిపెట్టాడు. వంటింటి తలుపుకి కూడా బయట నీలం, లోపల పచ్చ వేస్తే? నీలం కనిపిస్తే అక్కయ్య ఇంకా వంటకి వెళ్ళనట్టు. పచ్చ కనిపిస్తే లోపలున్నట్టు. ఇంక ఉప్పు రెండుసార్లు పడదు! ఎంత తెలివి! ఆ రోజే రంగులేయించారు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ వేడుకగా వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. రంగు వాసనకి ముక్కు దగ్గర తలా ఒక పుదీనా రెమ్మ. పేరిందేవి చారు పెట్టింది. ఉప్పు ఒక్కసారే వేసింది. చారు అమృతంలా ఉంది. సంబరంగా బయటికి వెళ్దామని లేచారు.

ఎదురుగా పచ్చ తలుపు.

"ఇది కాదు" అంది పేరిందేవి. "మనం వచ్చింది నీలం తలుపులోంచి. నాకు బాగా గుర్తు."

మధ్యాహ్నం దాటింది. ఎంతకీ ఎవరి అలికిడీ లేదని పక్కింటి సూరమ్మ వచ్చి వంటింటి తలుపు తట్టింది.

"ఏమ్మా, లోపల ఉన్నారా?"

"ఉన్నాం సూరమ్మా! నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే, మీ నీలం తలుపు దగ్గర!"

"అమ్మయ్య, దొరికింది!" అని కేకేశాడు కుటుంబరావు. "అక్కడే ఉండు, కదలకు! మేం వెతుక్కుంటూ వచ్చేస్తాం!"

అంతే, పేరిందేవి పోపుల పెట్టె చంకన పెట్టుకుంది. సూరమ్మ నీలం తలుపు దగ్గరుందన్న సంగతి మరిచిపోకుండా కొంగుకి గట్టిగా ఒక ముడి వేసింది. తరువాత ముగ్గురూ ఒకరి వెనక ఒకరు, పొయ్యి చుట్టూ తిరిగి, నీళ్ళబిందె దాటి, పచ్చ తలుపు ముందునుంచే నీలం తలుపుని వెతుక్కుంటూ బయల్దేరారు.