ఛాతీ ఎత్తు బల్ల

అనగా అనగా, గడియారాలు ఇంకా జేబుల్లో గొలుసులకు వేలాడే రోజుల్లో, కందగిరి అని ఒక చిన్న సంస్థానం ఉండేది. అక్కడ కోటగోడ పక్కన గడియారాల కొట్టు ఉండేది. సంస్థానంలో ఏ గడియారం ఆగినా ఆ కొట్టుకే వచ్చేది.

కొట్టులో ఆరుగురు పనివాళ్ళు. ఆరుగురూ నేలమీద చాప పరచుకుని, ముందు చిన్న పీట పెట్టుకుని, దానిమీదికి ఒంగి పనిచేసేవారు. గడియారం లోపలి మర, అంటే బిగించే మేకు, నువ్వుగింజలో సగం ఉంటుంది. దాన్ని చూడాలంటే ముక్కు పీటకు తగలాలి. పొద్దున కూర్చున్నవాళ్ళు సాయంత్రం నడుం పట్టుకుని మూలుగుతూ లేచేవారు.

కొట్టుమీద అధికారి పేష్కారు గోపాలరాయుడు. ఆయనకు మాత్రం ఎత్తయిన కుర్చీ, మెత్తని దిండు. వాళ్ళు ఒంగారా లేదా అని చూడటమే ఆయన పని.

ఆ ఆరుగురిలో నాంచారమ్మ ఒకతి. ఆమె తండ్రి వీరాచారి అదే పీట ముందు ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాడు. ఇప్పుడు నిలబడితే ఆయనకు తన పాదాలే కనబడతాయి. చుక్కలు చూడాలంటే మంచంమీద పక్కకు ఒరగాలి.

ఒకనాడు నాంచారమ్మకూ మెడ పట్టేసింది. ఆమె పేష్కారు ఎదుటికి వెళ్ళింది.

"అయ్యా, మాకు ఎత్తుబల్లలు వేయించండి. పని కంటి దగ్గరికి రావాలి. కన్నే పని దగ్గరికి ఒంగుతూ పోతే మనిషి మిగలడు."

గోపాలరాయుడు పకపకా నవ్వాడు. "ఒంగితేనే పనివాడు. మీరూ నిటారుగా కూర్చుంటే ఇక మీకూ నాకూ తేడా ఏముంటుందే?"

నాంచారమ్మకు ఒళ్ళు మండింది. మండదా మరి! తండ్రి నడుం తినేసిన కొట్టు ఇప్పుడు ఆమె నడుం కూడా అడుగుతోంది. "ఆ తేడా మీ దగ్గరే ఉంచుకోండి" అని, పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఇంటికి వచ్చేసింది.

ఇంట్లో ఉత్తరపు కిటికీ ఉన్న గది ఖాళీ చేసింది. ఆ కిటికీలోంచి ఎండ పడదు, వెలుగు మాత్రం రోజంతా నిలకడగా ఉంటుంది. నేలమీద నాపరాళ్ళు పరిపించి, జారిన మర ఇరుక్కోకుండా సందులన్నీ సున్నంతో పూడ్పించింది. తరువాత వడ్రంగి సూరన్నను పిలిచింది.

"బల్ల ఎంత ఎత్తు ఉండాలమ్మా?" అన్నాడు సూరన్న.

నాంచారమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని, చేయి ఛాతీ దగ్గర పెట్టి చూపించింది. "ఇంత."

"అమ్మా, అది బల్లా, పిట్టగోడా?"

"నువ్వు చెయ్యి సూరన్నా. కూర్చుని చూశాక చెబుదువుగాని."

బల్ల తయారైంది. దొర్లిన మర కింద పడకుండా చుట్టూ వేలెడంత అంచు. అంచు దాటినా నేల చేరకుండా కింద ఒడి పట్టినట్టు ఒక గుడ్డ. మోచేతులు ఆనించుకోవడానికి రెండు మెత్తలు. పాదాలకు ఒక చెక్క. ఎంత చిన్న చక్రమైనా కనబడేలా పైన తెల్ల కాగితం. పట్టకారు, భూతద్దం, నూనెగిన్నె, అన్నీ చేయి చాపితే అందేటట్టు.

మొదటిరోజు ఆమె పని చేస్తుంటే వీరాచారి కర్ర పట్టుకుని వచ్చాడు. కూతురి వెన్ను చూశాడు. నిటారుగా ఉంది. చేతులు చూశాడు. వణకడం లేదు. బల్ల అంచు తడిమాడు.

"ఇంతేనా?" అన్నాడు. "నాలుగు చెక్కలేనా అమ్మా? ఇవి లేకనా నేను ఇలా అయిపోయాను?"

నాంచారమ్మ లేచి తండ్రిని తన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. 

కొద్దిరోజుల్లోనే ఊళ్ళో వాళ్ళంతా గడియారాలు ఆమెకే తేవడం మొదలుపెట్టారు. ఆ సంగతి పేష్కారు చెవిన పడింది.

మొదటిసారి ఆయన భటులచేత రంపం మోయించుకుని వచ్చాడు. "పనివాళ్ళ బల్ల కాళ్ళు మోకాలు దాటకూడదు!" అని నాలుగు కాళ్ళూ కోయించాడు. ఆయన అటు వెళ్ళగానే నాంచారమ్మ కాళ్ళ కింద రాళ్ళు పేర్చింది. మళ్ళీ వచ్చి అడిగితే, "కాళ్ళు మోకాలి ఎత్తే ఉన్నాయి, కొలుచుకోండి. రాళ్ళ సంగతి మీరు చెప్పలేదు" అంది.

రెండోసారి చెక్కలూ మేకులూ మోయించుకుని వచ్చాడు. "నా పల్లకి వెళ్ళే దారిలోకి నీ కిటికీ ఏమిటి!" అని చెక్కలు కొట్టించాడు. నాంచారమ్మ ఇంటికప్పులో పెంకులు తీయించి గాజుపలకలు పెట్టించింది. "ఇప్పుడు నాకు ఆకాశమే కనబడుతుంది. మీ పల్లకి అటు వెళ్ళదు గదా?" అంది.

మూడోసారి ఆయనకు సాకు కూడా అక్కర్లేకపోయింది. నలుగురు భటులు వచ్చి బల్లనే ఎత్తుకుపోయారు. వీధిలో అందరూ గుమ్మాల్లో నిలబడి చూశారు. ఒక్కరూ కదల్లేదు.

నాంచారమ్మ వీధిలోకి వచ్చి అరిచింది. "మీ గడియారాలన్నీ ఆ బల్లమీదే గదా బాగయ్యాయి! ఒక్కరి నోరైనా పెగలదా?"

తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

అదే వేసవిలో కాలువ గడియారం ఆగిపోయింది. అది మామూలు గడియారం కాదు. ఎగువ ఊరికి పన్నెండు గంటలు, దిగువ ఊరికి పన్నెండు గంటలు నీళ్ళు వదిలేది దాన్ని చూసే. రాజుగారి తాత రెండు ఊళ్ళ పెద్దల ఎదుట ఇచ్చిన గడియారం అది. రాజు విజయభూపతి తన గడియారం పంపినా, "దీని ముళ్ళు ఎవరు తిప్పారో!" అని రెండు ఊళ్ళూ ఒప్పుకోలేదు. వంతు మాదంటే మాదని కర్రలు పట్టుకుని గట్టుమీద నిలబడ్డారు. పైరు ఎండిపోతోంది.

గడియారం కొట్టుకు వచ్చింది. మొదటి పనివాడికి చూపు ఆనలేదు. రెండోవాడి చేయి వణికింది. మూడోవాడి చేతిలోంచి మర జారి చాపలో పడింది. అందరూ నేలమీద పాకి వెతికితే మధ్యాహ్నానికి దొరికింది. పేష్కారు అరిచినకొద్దీ వాళ్ళ చేతులు ఇంకా వణికాయి.

చివరికి రాజు నాంచారమ్మను పిలిపించాడు. "బాగుచేయగలవా అమ్మా?"

"చేస్తాను ప్రభూ. కాని నా బల్లను పేష్కారు గారు ఎత్తుకుపోయారు."

"అదంతా సాకు ప్రభూ!" అన్నాడు గోపాలరాయుడు. "పనివాళ్ళకు నేల చాలదా?"

నాంచారమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. "అయితే ఆ నేలమీద ఆయన్ను కూర్చోమనండి ప్రభూ. మర బిగించనక్కర్లేదు. పీటమీద ఆవాలు పోస్తాను. ఒక గంటసేపు పట్టకారుతో రాళ్ళు ఏరితే చాలు."

"నాకూ ఒక పీట వేయండి" అన్నాడు రాజు.

ఇద్దరూ కూర్చున్నారు. కాసేపటికి పేష్కారు కాళ్ళు మార్చాడు. మరి కాసేపటికి మెడ రుద్దుకున్నాడు. గంట నిండకుండానే "అబ్బా!" అని చాపమీద పక్కకు వాలిపోయాడు. రాజు గంట నిండేదాకా కూర్చున్నాడు గాని, లేవబోతే నడుం లేవలేదు. నాంచారమ్మ చేయి అందించింది.

"ఇలా ఎన్నాళ్ళు కూర్చుంటారు?" అన్నాడు రాజు.

"మా నాన్న ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాడు ప్రభూ."

రాజు తల వంచుకున్నాడు.

బల్ల వచ్చింది. రెండు ఊళ్ళ పెద్దలూ చెరో పక్క నిలబడి చూస్తుండగా నాంచారమ్మ గడియారం విప్పి, శుభ్రం చేసి, మర బిగించింది. పెద్దలందరూ ఒప్పుకున్న గంటకు ముళ్ళు పెట్టగానే టిక్కు టిక్కుమని అది నడిచింది. సాయంత్రానికి కాలువ తలుపు లేచింది. గట్టుమీది కర్రలు ఇళ్ళకు పోయాయి.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"కొట్టులో ఐదుగురికీ ఇలాంటి బల్లలు వేయించండి. ఎవరి ఛాతీ ఎత్తుకు వాళ్ళకు."

రాజు సరేనన్నాడు. గోపాలరాయుణ్ణి కొలువులోంచి తీసేసి, ఇక అతన్ని ఆ పీట ముందే కూర్చోబెడతానన్నాడు.

"వద్దు ప్రభూ" అంది నాంచారమ్మ. "ఎవరి నడుమూ అలా విరగకూడదనే గదా నా కోపం."

కొట్టులో బల్లలు లేచాయి. కాని వీరాచారి నడుం మళ్ళీ లేవలేదు. అది చూసినప్పుడల్లా నాంచారమ్మకు కోపం వచ్చేది. ఎన్నేళ్ళు గడిచినా వచ్చేది. రావలసిన కోపమే అది.

కాబట్టి పిల్లలూ, పనివాళ్ళ నడుం వంచి నిలబెట్టుకున్న పెద్దరికం పెద్దరికమే కాదు. నిటారుగా కూర్చుని పనిచేసుకోవడం పనిచేసే ప్రతి మనిషి హక్కు.