పది భుజం మీద ఏడు

పిల్లలూ, సెలపురి అని ఒక రాజ్యం ఉండేది. దానికో రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు.

ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు వానమబ్బుల్ని కట్టేసుకుని కూర్చున్నాడు. సెలపురి ఆవులన్నిటినీ తోలుకుపోయి, బదులుగా ఏటా 3 × 10⁷ కుండల వాన వదులుతానని రాగిరేకు మీద రాసిచ్చాడు. తీరా వదిలింది 3 × 10⁵ కుండలు.

రైతుపిల్ల చెంగలి ఎండిన కంకులు తెచ్చి రాజు ముందు విసిరికొట్టింది. "మూడన్నాడు, మూడే ఇచ్చాడంటారేమిటి మీ మంత్రులు? మా చేలు మాడిపోయాయి!"

రాజు పెద్దకొడుకు కరాళుణ్ణి నిలదియ్యడానికి వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. మూడోవాడు విరజుడు మండిపడుతూ బయల్దేరాడు. ఒక ముసలి తాబేలు అతణ్ణి వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. "వాడి ప్రాణం చిలుక మెళ్లో పూసలో ఉంది నాయనా" అని చెప్పింది.

"మాట తప్పావు!" అన్నాడు విరజుడు కరాళుడితో.

"ఎక్కడ? అప్పుడూ మూడే, ఇప్పుడూ మూడే. పది భుజం మీద ఏడుకి బదులు అయిదు. రెండు తేడాకే ఇంత గోలా?"

"ఏడంటే మూడుని ఏడుసార్లు పదింతలు చెయ్యాలి. మూడు కోట్లు! అయిదంటే మూడు లక్షలే! నూరు కుండలకి ఒక్కటి విదిల్చి రెండే తేడా అంటావా? సిగ్గులేదూ?"

కరాళుడి మొహం మాడింది. మూడు చిలుకల్ని చూపించాడు. వాటి పూసల బరువులు తులాల్లో రాసున్నాయి: 2 × 10⁻², 1 × 10⁻³, 9 × 10⁻⁵.

"నీకంత లెక్కొస్తే అన్నిటికన్నా చిన్న పూస తియ్యి, నా ప్రాణం అందులోనే ఉంది. తప్పితే రాయైపోతావు. మీ పెద్దన్న భుజం మీది రెండు చిన్నదనుకున్నాడు. చిన్నన్న ముందున్న ఒకటి చిన్నదనుకున్నాడు. అదుగో, ఇద్దరూ!"

రాళ్లైన అన్నల్ని చూసి విరజుడి కళ్లు ఎర్రబడ్డాయి. అయినా తొందరపడలేదు. 'భుజం మీద అడ్డగీత ఉంటే పెంచడం కాదు, పదో వంతుకి తగ్గించడం. అయిదుసార్లు తగ్గిస్తే తొమ్మిదైనా నలుసే' అనుకున్నాడు. మూడో చిలుక మెళ్లో పూస లాగి నలిపేశాడు. చిలుక ఎగిరిపోయింది. కరాళుడు కూలిపోయాడు. అన్నలు లేచారు. మబ్బులన్నీ ఒక్కసారి ఉరిమాయి.

వాన కురిసింది, ఆవులు ఇళ్లకి చేరాయి. చెంగలిని విరజుడు పెళ్లాడి చాలాకాలం రాజ్యమేలాడు. ఆ రాజ్యంలో ఏ ఒప్పందమైనా సరే, సున్నలన్నీ పరిచి రాసి, చెంగలి రాణి ఊరందరికీ గట్టిగా చదివి వినిపించాకే రాజముద్ర పడేది.